ఎడమ పక్క చప్పట్లు

మొన్న మా ఇంట్లో టీవీకి ఒక చిన్న పిన్ను అవసరమై, ఆడియో సామాన్లు అమ్మే దుకాణానికి వెళ్ళాను. వెళ్ళి చాలాకాలమైంది. యజమాని నన్ను గుర్తుపట్టాడు. పిన్ను సంగతి పక్కనపెట్టి, "జరీ మేడం ఎట్లున్నరు సార్? ఈ మధ్య అస్సలు వస్తలేరు. కొత్త కేబుల్స్ వచ్చినయి. ఆమెకు చూపియ్యకుండ వేరేటోళ్ళకు అమ్ముడు నాకే మంచిగనిపిస్తలేదు" అన్నాడు.

ఆమె పోయిందని చెప్పాను.

ఆయన చేతిలోని డబ్బాను కౌంటరు మీద పెట్టి, దాని మీది అట్టను గోటితో గీకాడు. "ఒకపారి నా కేబుల్‌ను కత్తెరతోని కోసేసింది సార్. ఎరికేనా మీకు?" అన్నాడు.

ఎరుకే. అప్పుడు నేను ఆమె పక్కనే ఉన్నాను.

జరీ మేడం వాళ్ళ ఇల్లు జహనుమా బస్తీలో. కరెంటాఫీసులో ఇంజనీరుగా నేను ఆ వైపు కొత్తగా వచ్చిన రోజుల్లో, "ఇంట్లో కరెంటు గుయ్యిమంటోంది" అని ఒక ఫిర్యాదు వచ్చింది. లైన్‌మన్ వెళ్ళి చూసి, ఏమీ లేదని చెప్పి వచ్చాడు. ఆమె మళ్ళీ ఫోన్ చేసింది. "మా మనిషి చూసిపోయిండు గదమ్మా" అన్నాను. "చూసిపోయిండు బాబూ. వినిపోలే" అంది. ఆ మాట విన్నాక నేనే బయల్దేరాను.

మేడ మీద పొడవాటి గది. ఒక గోడవారగా రెండు పెద్ద స్పీకర్లు, వాటి మధ్య బల్ల మీద రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్, యాంప్లిఫయర్. ఎదురుగా ఒకే ఒక కుర్చీ. స్పీకర్లకు వెళ్ళే తీగలు నా బొటనవేలంత లావున్నాయి. అవి నేలకు తగలకుండా, జరీ చుట్టే ఖాళీ కొయ్య రీళ్ళ మీద ఎత్తిపెట్టి ఉన్నాయి. కిటికీకి అడ్డంగా కట్టిన దండెం మీద, బట్టలు ఆరేసినట్టు, ఇంకా బోలెడు తీగలు వేలాడుతున్నాయి. నల్లవి, తెల్లవి, జడలా అల్లినవి. కరెంటు తీగలతోనే బతుకుతున్న నాకు కూడా అన్ని రకాల తీగలు ఒకేచోట చూడటం అదే మొదలు.

ఆమెకు అప్పటికే అరవై దాటాయి. సన్నటి మనిషి. కళ్ళద్దాలు తల మీదికి తోసుకుని, నడుముకు తాళాల గుత్తితో నిలబడి ఉంది. వాళ్ళది బట్టల అంచులకు కుట్టే జరీ, గోటా అమ్మే తరాలనాటి వ్యాపారం. భర్త పోయాక చాలా ఏళ్ళు దుకాణంలో తనే కూర్చుంది. ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు.

"కూసో" అని నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ఫ్యాన్ ఆపింది. మెట్ల దగ్గరికి వెళ్ళి, ఫ్రిజ్ బంద్ చెయ్యమని కిందికి కేకేసింది. కింద నుంచి కోడలి విసుగు వినిపించింది: "పాలు విరుగుతయి అత్తమ్మా!" ఆమె పట్టించుకోలేదు. తాళాలు చప్పుడు కాకుండా గుత్తిని పిడికిట్లో బిగించి, "ఇప్పుడు విను" అంది.

విన్నాను. స్పీకర్ల లోపల ఎక్కడో తుమ్మెద చిక్కుకున్నట్టు సన్నని మోత.

తప్పు ఆమె తీగల్లో లేదు. ఇంటి వెనక ఎర్తింగ్ గుంత ఎండిపోయింది. బొగ్గు, ఉప్పు కొత్తగా వేయించి, నీళ్ళు పోయించి, తీగ మార్పించాను. మోత పోయింది. ఆమె ముఖం వెలిగిపోయింది. మరుక్షణంలోనే కనుబొమలు ముడిపడ్డాయి. "ఆగు. ఏదో తక్కువైంది" అంది.

ఆ "ఆగు" ఆమె ఊతపదమని తర్వాత తెలిసింది. పాట మొదలైన కాసేపటికి ఆ మాట వచ్చేది. కుర్చీలోంచి లేచి, టార్చిలైటు పట్టుకుని బల్ల వెనక్కి దూరేది. ఒక తీగ పీకి, దండెం మీంచి ఇంకోటి తీసి పెట్టేది. మళ్ళీ కుర్చీలోకి వచ్చి, ఒక కాలు మడిచి కూర్చుని, తల కాస్త పక్కకు వంచేది. మళ్ళీ "ఆగు". పోసిన చాయ్ ఆమె ఎప్పుడూ వేడిగా తాగలేదు. పక్క మసీదులో అజాన్ మొదలైతే రికార్డు మీది ముల్లెత్తి, అది పూర్తయ్యేదాకా గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేది. ఆ కాస్త విరామం కూడా ఆమెకు భారంగానే ఉండేది.

తీగల పరీక్షకు ఆమె వాడే రికార్డు ఒకటే. పాత ఖవ్వాలి. అందులో చప్పట్లు కొట్టేవాళ్ళు ఎడమ పక్కన, హార్మోనియం కుడి పక్కన, పాడే ఆయన సరిగ్గా మధ్యలో ఉంటారు. "మంచి తీగైతే ఎంతమంది చప్పట్లు కొడుతున్నరో లెక్కబెట్టొచ్చు. ఖరాబ్ తీగైతే అంత ఒక్కటే లొల్లి" అనేది. నాకు ఏ తీగతోనూ లెక్క తేలలేదు.

టర్న్‌టేబుల్ కొన్నది ఆమె భర్త అట. ఆయన రాత్రి భోజనం చేసి, ఒక పాట పెట్టుకుని, అది పూర్తికాకముందే నిద్రపోయేవాడట. "ఆయనకు పాట ఉంటే చాలు. నాకు అది యాడికెళ్ళి వస్తుందో, నడుమ ఏం పోతుందో తెల్వాలె" అని నవ్వేది.

నాకు పాటల పిచ్చి లేదు. అయినా ఆ ఇంటికి వెళ్ళడం అలవాటైంది. ఆమె నన్ను "తమ్మీ" అనడం, నేను "అక్కా" అనడం ఎప్పుడు మొదలయ్యాయో గుర్తులేదు. డ్యూటీ అయిపోయాక కిషన్‌బాగ్‌లోని మా ఇంటికి తిన్నగా పోకుండా, బండి అటు తిప్పేవాడిని. ఆమె దగ్గర కాసేపు కూర్చుంటే నాలోనూ ఏదో కదలిక పుట్టేది. ఇంటికి వెళ్ళాక మా ట్యూబులైటు మోత కూడా వినిపించి, దాన్ని విప్పి చూసేవాడిని. మా ఆవిడ తల పట్టుకునేది.

ఒక శనివారం నన్ను వెంటబెట్టుకుని ఆ ఆడియో దుకాణానికి తీసుకెళ్ళింది. టర్న్‌టేబుల్ నుంచి యాంప్లిఫయర్‌కు వెళ్ళే సన్నని తీగ కొత్తది కావాలట. అన్నింటిలో కష్టమైనది దాన్ని ఎంచడమే అని దారిపొడుగునా చెప్పింది. ముల్లు దగ్గర పుట్టే పాట చీమంత ఉంటుందట. ఆ చీమ ఆ తీగలోంచే నడిచి రావాలి. స్పీకర్ల తీగలో తప్పు జరిగినా కొంత మిగులుతుంది గానీ, ఇక్కడ పోయింది ఇక రాదు.

యజమాని వెల్వెట్ పెట్టెలో తీగ తెచ్చి ముందు పెట్టాడు. "ప్యూర్ సిల్వర్ మేడం. లోపల పూర్తి వెండే. దీని మీద ఈ బాణం గుర్తు చూడుండ్రి. పాట ఇటుకెళ్ళి ఇటు పోవాలె. ఉల్టా పెడితే సౌండ్ మారుతది."

నేను ఆపుకోలేకపోయాను. "అక్కా, అందులో పోయేది ముందుకూ వెనక్కూ ఊగే కరెంటు. దానికి దిక్కేంది?"

"నీ కరెంటు సంగతి నువ్వు చెప్పు. నా పాట సంగతి నేను చూసుకుంట" అంది. అని, తీగను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపింది. వంచి చూసింది. చెవి దగ్గర పెట్టుకుని రుద్దింది. తర్వాత సంచిలోంచి చిన్న కత్తెర తీసి, మేం చూస్తుండగానే తీగ కొస కాస్త కత్తిరించేసింది.

"అరే, క్యా కర్రే మేడం!" అని యజమాని కేకపెట్టాడు.

"కొంట లేవయ్యా. ఫికర్ చెయ్యకు" అంటూ సంచిలోంచే నల్లటి గీటురాయి తీసింది. జరీలో వెండి ఎంతో చూడటానికి వాళ్ళ దుకాణంలో వాడేది. తీగ కొసను దాని మీద గీసింది. మొదటి గీత తెల్లగా మెరిసింది. ఇంకాస్త గట్టిగా గీసేసరికి కింద ఎర్రగా రాగి బయటపడింది.

యజమాని ముఖం వాడిపోయింది. ఆయన్నీ కంపెనీవాళ్ళు అలాగే నమ్మించారని చూస్తేనే తెలుస్తోంది. "నాకు నిజంగ తెల్వదు మేడం" అన్నాడు.

"నీ తప్పేముంది? మా జరీ గూడ గిట్లనే గదా. మీద వెండి, లోపల రాగి. కాకపోతే మేం కొనేటోనికి చెప్పి అమ్ముతం." ఆమె ఆ తీగనే కట్టించుకుంది. బయటికొచ్చాక ఎందుకు కొన్నావని అడిగాను. "అబద్ధం ఆడింది కంపెనోడు. తీగ ఆడలే గదా. పెట్టి విందాం" అంది.

ఆ తీగ ఆమెకు బాగా నచ్చింది. కొన్నాళ్ళు దాన్నే ఉంచింది. తర్వాత అదీ దండెం మీదికి ఎక్కింది.

నాకు ఒక అనుమానం ఉండేది. నిజంగా ఆమెకు ఇన్ని తేడాలు వినిపిస్తాయా? ఒకరోజు ఆమెతోనే ఆ మాట అన్నాను. "అయితే పరీక్ష పెట్టు" అని వెంటనే ఒప్పుకుంది. బల్లకు అడ్డంగా దుప్పటి కట్టాం. ఆమె కుర్చీలో కళ్ళు మూసుకుంది. నేను వెనక తీగ మార్చి అదే ఖవ్వాలి మళ్ళీ పెట్టాలి, తేడా ఏమిటో ఆమె చెప్పాలి. మొదటిసారి మార్చాను. "చప్పట్లు దగ్గరికొచ్చినయి" అంది. రెండోసారి దుప్పటి వెనక చప్పుడు చేశానే గానీ తీగ మార్చలేదు. ఆమె తల పక్కకు వంచి చాలాసేపు విని, "ఇది మస్తుంది. హార్మోనియం ఊపిరి తీసుకునుడు గూడ వినొస్తుంది" అంది.

నేను దుప్పటి తీసి చూపించాను.

ఆమె లేచింది. గదిలో అటూ ఇటూ నడిచింది. దండెం దగ్గర ఆగి, ఒక తీగను తడిమి, మళ్ళీ నడిచింది. తాళాల గుత్తి గలగలమంటూనే ఉంది. చివరికి నా ఎదురుగా నిలబడి, "తీగకు పరీక్ష పెడతవనుకున్న. నువ్వు నాకు పెట్టినవ్" అంది.

కోపగించుకుందనుకున్నాను. తర్వాతి వారం వెళ్ళేసరికి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను దుప్పటి వెనక్కి వెళ్ళింది. "ఇప్పుడెట్లుంది తమ్మీ?" నేను శ్రద్ధగా విని, ఈసారి పాట కొంచెం స్పష్టంగా ఉందని చెప్పాను. దుప్పటి వెనకనుంచి చిన్నపిల్లలా పకపకా నవ్వు. తీగ మార్చలేదు. "చూసినవా? వినాలని కూసుంటే వినొస్తది. గంతే. దానికే గదా నేను తీగలు మార్చేది" అంది.

ఆ తర్వాతి వానాకాలంలో ఆమె ఫోన్ చేసింది. "మళ్ళ గుయ్యిమంటుంది తమ్మీ." వెళ్ళి ఎర్తింగ్ చూశాను. బాగానే ఉంది. స్పీకర్ దగ్గర చెవి పెట్టాను. నాకేమీ వినిపించలేదు. "మిషను బంద్ చేసినా వినొస్తుంది. బయట మీ స్తంభం మీదికెళ్ళే వస్తున్నట్టుంది" అంది. వీధి స్తంభం కూడా చూపించాను. అక్కడా ఏమీ లేదు. ఆమెకు నచ్చలేదు. నేను మెట్లు దిగుతుంటే, పైనుంచి తీగ పీకుతున్న చప్పుడు వినిపించింది.

కొన్ని రోజులు నేను పనుల్లో పడిపోయాను. వానలకు ఎక్కడెక్కడో తీగలు తెగుతున్నాయి. మళ్ళీ ఆమె ఫోన్. ఈసారి గొంతులో కంగారు. "ఎడమ పక్క పోయింది తమ్మీ. చప్పట్లు పక్కింట్ల కొట్టినట్టున్నయి. తీగలన్ని మార్చిన. ఎడమది కుడికి, కుడిది ఎడమకు పెట్టిన. దుకాణంకెళ్ళి కొత్తది తెచ్చిన. ఏం చేసినా గట్లనే ఉంది. నువ్వు జర రా."

మధ్యాహ్నం వెళ్ళాను. గది నిండా తీగలు. కుర్చీ చుట్టూ కాలు పెట్టడానికి చోటు లేదు. ఆమె జుట్టు రేగిపోయి ఉంది. సరిగ్గా తింటున్నట్టు లేదు. నన్ను పలకరించకుండానే ముల్లు పెట్టింది. పాడే ఆయన గొంతెత్తాడు. ఎడమ స్పీకర్లోంచి చప్పట్లు మొదలయ్యాయి. ఎప్పటిలాగే గట్టిగా, స్పష్టంగా.

"వస్తున్నయి గద అక్కా" అన్నాను.

"యాడొస్తున్నయి?"

"ఎడమ పక్క నుంచే. మంచిగొస్తున్నయి."

ఆమె నా ముఖంలోకి తీక్షణంగా చూసింది. "మళ్ళ పరీక్ష పెడుతున్నవా?"

"లేదక్కా. ఒట్టు."

ఆమె స్పీకర్లను చూసింది. నన్ను చూసింది. నేను ఎడమ స్పీకర్ ముందుకు వెళ్ళి, దాని మీద చెయ్యి పెట్టి చూపించాను. చప్పట్లకు అది నా అరచేతిలో అదురుతోంది. అప్పుడు ఆమె ఇంకేమీ అడగలేదు. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, కింద తీగలు తొక్కుకుంటూ, దాన్ని బర్రున వెనక్కి తిప్పింది. స్పీకర్లకు వీపు పెట్టి కూర్చుంది. తీగలన్నీ మార్చేసింది. మార్చడానికి ఇక మిగిలింది తనే.

పాట నడుస్తోంది. ఆమె తల కొంచెం వంగింది.

"ఇప్పుడు చప్పట్లు దగ్గరికొచ్చినయి" అంది. కాస్త ఆగి, "హార్మోనియం పక్కింట్లకు పోయింది" అంది.

అప్పుడు నాకు అర్థమైంది. చాయ్ తెచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె చెయ్యెత్తి, కుడి చెవిని గట్టిగా మూసుకుంది. నేను ఏదో మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. ఆమె నా పెదవుల్ని చూస్తూ ఉండిపోయింది. తర్వాత చెయ్యి తీసి, మెల్లగా, "తీగ మంచిగనే ఉంది తమ్మీ. చెవే పోయింది" అంది.

అన్నేళ్ళలో ఆమె కదలకుండా కూర్చోవడం అదే మొదటిసారి చూశాను.

ఆ సాయంత్రమే కొడుకూ నేనూ కలిసి సంతోష్‌నగర్‌లో ఒక చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పరీక్షలన్నీ అయ్యాక ఆయన, ఎడమ చెవి దాదాపు పూర్తిగా పోయిందని, ఒక్కోసారి ఇలా ఉన్నట్టుండి పోతుందని చెప్పాడు. "చెవిలో మోత మొదలైనప్పుడే రావాల్సింది కదమ్మా. మొదటి రోజుల్లో మందు పడితే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. ఇన్ని రోజులు ఏం చేశారు?"

"తీగలు మారుస్తున్న సార్" అంది ఆమె.

డాక్టరు అర్థంకాక మా వైపు చూశాడు. మేము తల దించుకున్నాం. ఫోన్లో మాట్లాడేటప్పుడన్నా తెలియలేదా అని అడిగాడు. "ఫోన్ ఎప్పుడు కుడి చెవికే పెట్టుకుంట" అంది. మాత్రలు ఇచ్చారు, ఇంజక్షన్లు ఇచ్చారు. చెవి తిరిగి రాలేదు. మోత మాత్రం ఉండిపోయింది.

ఇంటికొచ్చి ఆమె దండెం మీది తీగలన్నీ తీసి చుట్టలు చుట్టింది. పరికరాల మీద దుప్పటి కప్పింది. నేను ఎప్పుడు వెళ్ళినా కిందే ఉండేది. వంటింట్లోకి, వాకిట్లోకి, మళ్ళీ వంటింట్లోకి. సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దేది. వీధిలో బండి ఎటునుంచి వస్తోందో తెలియక, ఒకరోజు గుమ్మం దాటబోయి ఉలిక్కిపడి వెనక్కి వచ్చింది. కోడలు చెయ్యి పట్టుకోబోతే విదిలించేసింది. "ఆ మిషను కొనేటోళ్ళు ఎవరన్న ఉంటే చెప్పు తమ్మీ. ఊకె జాగ ఆపుతుంది" అని నాతో అంది. సరే అన్నాను. ఎవరినీ అడగలేదు.

చలికాలం వెళ్ళిపోతుండగా ఒకరోజు ఆఫీసుకే ఫోన్ చేసింది. "తమ్మీ, రెండు దిక్కులను ఒక్క దిక్కు చెయ్యొస్తదా?"

"అంటే ఏందక్కా?"

"ఎడమకు పోయేది, కుడికి పోయేది కలిపి ఒక్క డబ్బాలకెళ్ళి రావాలె. అప్పుడు నాకు ఏది పోదు గద?"

వస్తుందని చెప్పాను. పెద్ద పనేమీ కాదు. రెండు తీగలు కలిసి ఒకటయ్యేలా ముడివేసి, మధ్యలో రెండు చిన్న రెసిస్టర్లు పెట్టి అతికిస్తే చాలు. మా ఆఫీసులో దొరికే తీగతోనే చేసిస్తానన్నాను.

"మీ ఆఫీసు తీగనా? నడువ్, దుకాణంకు పోదాం" అంది. నెలల తర్వాత ఆ గొంతులో ఆ తొందర.

దుకాణంలో యజమానికి సంగతి తెలియదు. "మేడం, ఇంత మంచి స్టీరియో సెట్టును ఎవరన్న మోనో చేస్తరా?" అన్నాడు. ఆమె కుడి చెవిని ఆయన వైపు తిప్పి, "నాకు ఒక్క చెవే పనిచేస్తుంది బాబూ. ఒక్క చెవికి సరిపోయే మంచి తీగ చూపియ్యి" అంది. ఆయన వెళ్ళి ఒక కుర్చీ తెచ్చి వేశాడు. దుకాణంలో ఉన్న రకాలన్నీ ఆమె ముందు పరిచాడు. ఆమె ఒక్కోదాన్నీ నలిపింది, వంచింది. ఎడమ చెవికి పెట్టుకోబోయి, ఆగి, కుడి చెవికి పెట్టుకుంది. ఈసారి ఆమె కత్తెర తియ్యకముందే ఆయనే కట్టర్ అందించాడు.

తీగ తెచ్చి ఆమె గదిలోనే అతికించాను. ఒక స్పీకరును గది మూలకు జరిపి, రెండోదాన్ని ఆమెకు కుడివైపు పెట్టాం. ముల్లు దించింది. పాడే ఆయన, హార్మోనియం, చప్పట్లు అన్నీ ఒకే డబ్బాలోంచి ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఆమె కళ్ళు చెమర్చాయి. "అందరు ఒక్క దర్వాజలకెళ్ళే తోసుకుంట వస్తున్నరు" అని నవ్వింది. కాసేపు విన్నది. తల పక్కకు వంగింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆగు. ఏదో తక్కువైంది."

నేనూ, గుమ్మంలో నిలబడ్డ కోడలూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కోడలు కొంగుతో ముఖం తుడుచుకుని, ఎవరూ చెప్పకుండానే కిందికి దిగి వెళ్ళి ఫ్రిజ్ ఆపి వచ్చింది.

అప్పటినుంచి కోడలు మేడమీదికి రావడం మొదలుపెట్టింది. వెల్లుల్లి పళ్ళెమో, కూరగాయల బుట్టో పట్టుకొచ్చి, చిన్న పీట వేసుకుని అత్తకు ఎడమ పక్కన కూర్చునేది. అత్తకు అప్పుడప్పుడూ ఒక సందేహం వచ్చేది. "గుయ్యిమంటుందానే?" కోడలు పని ఆపి, విని, "లేదత్తమ్మా" అనేది. అయితే ఆ మోత చెవిదే. ఆమె మళ్ళీ పాటలోకి వెళ్ళేది. ఎప్పుడైనా కోడలు "అవునత్తమ్మా, కొంచెం వస్తుంది" అంటే, టార్చి పట్టుకుని బల్ల వెనక్కి దూరేది. అలా రెండేళ్ళు గడిచాయి. ఒంటి చెవికి ఎన్ని తీగలు మార్చిందో నాకు తెలియదు. దండెం మళ్ళీ నిండింది.

పోయినేడు ఒక పొద్దున చాయ్ పెట్టుకుంటుండగా ఆమె గుండె ఆగిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా లేకపోయిందట. నేను వెళ్ళేసరికి వాకిట్లో టెంటు వేస్తున్నారు.

కర్మలన్నీ అయ్యాక కోడలు ఫోన్ చేసింది. "అన్నా, ఒకపారి వస్తరా? మా ఆయన మిషను అమ్ముదామంటుండు. అమ్మకముందు మొదలు ఎట్లుండెనో అట్ల ఒక్కసారి పెట్టి చూపిస్తరా? నేను రెండు దిక్కుల ఎన్నడు వినలే."

నాకు ఆశ్చర్యమేసింది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చి చాలా ఏళ్ళయింది. కానీ నిజమే. రెండు చెవులతో అత్త విన్న రోజుల్లో ఈమె కింద వంటింట్లో ఉండేది. ఉన్న ఒక్క కుర్చీలో ఈమెకు కూర్చునే వీలే ఉండేది కాదు.

వెళ్ళి, కలిపి అతికించిన తీగను తీసేశాను. దండెం మీద వెతికి, పాత జత పెట్టాను. మూలన ఉన్న స్పీకరునూ, రెండోదాన్నీ వాటి పాత చోట్లకు జరిపాను. ఆమెను కుర్చీలో కూర్చోమన్నాను. వద్దు వద్దంటూనే కూర్చుంది, అంచు మీద, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు. ముల్లు దించాను.

ఎడమ పక్క చప్పట్లు మొదలయ్యాయి. ఆమె చటుక్కున అటు తిరిగింది, ఎవరో గదిలోకి వచ్చినట్టు. కుడి పక్క హార్మోనియం అందుకుంది. ఇటు చూసింది. పాడే ఆయన మధ్యలో, స్పీకర్లు లేనిచోట, ఎదురుగా నిలబడి గొంతెత్తాడు. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పాట కాసేపు నడిచింది. నేను బల్ల పక్కనే నిలబడి ఉన్నాను.

"గింత పోయిందా అన్నా ఆమెకు?" అంది. "రెండేండ్లు పక్కన కూసున్న. ఒక్కనాడు చెప్పలే. ఏదో తక్కువైందనేటిది. నాకేమో తీగ మీద చాదస్తమనిపించేది."

ఆమె తన ఎడమ చెవి మీద అరచెయ్యి ఆనించింది, తీసింది, మళ్ళీ ఆనించింది. ఉన్నదీ, పోయినదీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటున్నట్టు చాలాసేపు అలాగే చేసింది. కింద నుంచి భర్త ఏదో అడిగాడు. ఆమె లేవలేదు.

"దీన్ని నేను అమ్మనియ్య" అంది చివరికి. కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది. "మళ్ళ మొదటికెళ్ళి పెట్టండ్రి అన్నా."

ముల్లెత్తి, మళ్ళీ మొదట్లో పెట్టాను.